చెయ్యి వణికినా ఫోటో వణకదా? క్యానన్ ఆర్ఎఫ్ 100-400తో ఏడాదిన్నర

స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేదల్లా ఈ లెన్స్‌లో ఉన్న స్టెబిలైజర్, అదే చెయ్యి వణుకుని సర్దే ఏర్పాటు, దాని గురించే. ఈ లెన్స్‌కి మారిందే భుజం వల్ల. ఇంతకుముందు ఒక 150-600 లెన్స్ ఉండేది, దగ్గర దగ్గర రెండు కిలోలు, కుడి భుజం పట్టేసి చొక్కా తొడుక్కోడానికే మా ఆవిడ సాయం కావాల్సొచ్చిన రోజుల్లో ఇంక దాన్ని ఎత్తి పిట్టకి గురిపెట్టడం ఎక్కడ, వచ్చినకాడికి అమ్మేశా. ఇది 635 గ్రాములు.

మొదటిరోజు డాబా మీద నుంచి కరెంటు తీగ మీద పాలపిట్ట కనపడితే 400 దాకా జూమ్ చేసి బటన్ సగం నొక్కా. అప్పటిదాకా ఊగులాడుతున్న బొమ్మ టక్కున కుదురుకుంది, ఎవరో కిందనుంచి లెన్స్‌ని అరచేత్తో పట్టుకున్నట్టే! నా ఆర్10 కెమెరా బాడీలో స్టెబిలైజర్ లేదు, అంటే ఇదంతా లెన్స్ పనే. షట్టర్ స్పీడు 1/60కి (సెకనులో అరవయ్యో వంతు) కూడా ఈకలు విడివిడిగా వచ్చినయ్. ట్రైపాడ్ ఎవరికన్నా కావాలా అని ఆ సాయంత్రమే ఫ్రెండ్స్‌ని అడిగేశా.

తర్వాత చలికాలంలో గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్ళా. చెరువులో చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు. పొద్దున్నే మంచు, వెలుతురు అంతంతమాత్రం. ఐదున్నర స్టాపుల స్టెబిలైజర్ (ఒక్కో స్టాపుకి షట్టర్ రెండింతల సేపు తెరిచినా చెయ్యి వణుకు కనపడదని లెక్క) చేతిలో ఉండగా ఐఎస్ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, ఎందుకు పెంచాలి అని 1/100 పెట్టుకుని కూర్చున్నా. ఒక గూట్లో పిల్ల తలకాయ మొత్తం తల్లి మూతి సంచిలోకి దూర్చేసి తింటంది, రెక్కలు టపటపా కొట్టుకుంటంది, నేను నొక్కుతానే ఉన్నా. కెమెరా వెనక చిన్న స్క్రీన్ మీద అన్నీ బ్రహ్మాండంగానే కనపడ్డయ్. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో వేస్తే నాలుగొందల పైచిలుకు ఫోటోల్లో గూటి పుల్లలు లెక్కపెట్టొచ్చు, ఆకుల మీద రెట్ట మరకలు కూడా స్పష్టంగా ఉన్నయ్, పిల్ల తలకాయ మాత్రం పెరుగు పులిమినట్టుంది. లెన్స్ తప్పేం లేదు, అది ఆపేది నా చెయ్యి వణుకుని, గూట్లో పిల్ల కదిలితే అదేం చేస్తది! ఇన్నేళ్ళుగా ఫోటోలు తీస్తా ఆ ముక్క మర్చిపోయానంటే ఆ పాలపిట్ట నా బుర్ర ఎంత పాడుచేసిందో చూడండి.

ఇప్పుడు కదిలేవాటికి 1/500కి తగ్గను, ఎగిరేవాటికి 1/1000 పైనే. 400 దగ్గర లెన్స్ ఎఫ్/8 కన్నా పెద్దగా తెరుచుకోదు, లోపలికొచ్చే వెలుతురు తక్కువ కాబట్టి పొద్దున ఏడింటికి ఐఎస్ఓ 6400 దాటేస్తది, నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) వస్తది, దాంతో కొంచెం కుస్తీ పట్టాలి. మరి స్టెబిలైజర్ దేనికంటే, ఫ్రేమ్ కదలకుండా ఉంటది కాబట్టి ఫోకస్ పాయింట్ పిట్ట కంటి మీద నిలబెట్టడం తేలిక. కూర్చున్న పిట్టకైతే ఇప్పటికీ 1/60 నమ్ముతా, 1/30కి సగం పోతయ్. సగం నొక్కి ఒక్క క్షణం ఆగి, ఎడమ మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి తీస్తే ఇంకా మేలు.

నాలాగా భుజం నొప్పి ఉండి ఎండెక్కాక తీసేవాళ్ళయితే తీసుకోవచ్చు. తెల్లారకముందే అడవిలోకి పోయే కుర్రాళ్ళకి ఇది చాలకపోవచ్చు. ట్రైపాడ్ అమ్మలేదు లెండి. నా పాత 150-600 కొన్న అబ్బాయి మొన్న ఫోటో పంపాడు, లకుముకి పిట్ట చేపతో నీళ్ళలోంచి లేస్తా ఉంది, చుక్కలు గాల్లో ఆగిపోయినయ్. ఆ పూట అన్నం సహించలేదు నాకు.