టొలీడో దారిలో 83 డాలర్లు తిన్న జీపు

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులు పుట్టిన ఊళ్లు చూడబోయేవాళ్లకు ముందే ఒక మాట. అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని టొలీడో దారిలో ఒక ప్రైవేటు మ్యూజియం తగులుతుంది. మనిషికి 18 డాలర్లు, పార్కింగుకు 6, ఫొటోలకు 5. నలుగురికి 83 వదిలాయి. బోర్డు మీద ‘1943 విల్లీస్ ఎంబీ’ అని ఉంది, అంటే విల్లీస్ కంపెనీ యుద్ధానికి చేసిన జీపు. లోపల నిలబెట్టింది మాత్రం యుద్ధం అయ్యాక రైతులకు అమ్మిన సీజే-2ఏ, అంటే మామూలు జనం వాడే జీపు. మిలిటరీ రంగు కొట్టి కూర్చోబెట్టారు.

ఈ మోసం పట్టుకోవడానికి బండి కిందికి దూరక్కర్లేదు. గ్రిల్‌లో గళ్లు లెక్కపెట్టండి. 1942 నుంచి యుద్ధపు జీపుకి తొమ్మిది, సీజేకి ఏడు. ఎంబీ హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్ లోపలికి ఒదిగి ఉంటాయి. సీజేవి పెద్దవి, బయటికి పొడుచుకొస్తాయి. ఎంబీకి వెనక డోరు లేదు, స్టెప్నీ వెనకే వేలాడుతుంది. సీజేకి డోరు తెరుచుకోవాలి కాబట్టి స్టెప్నీ పక్కకి జరిగింది. ఇక్కడ ఆ డోరుకి పెట్రోలు డబ్బా స్టాండు బిగించి కప్పేశారు గానీ, రంగు కింద డోరు మడతబందులు స్పష్టంగా కనబడుతున్నాయి. అడిగితే గైడు ‘అన్నీ ఒకటే’ అన్నాడు. ఒకటి కావు! డబ్బు తిరిగివ్వలేదు. తోడు వచ్చినవాళ్లు రాత్రి దాకా ముభావంగానే ఉన్నారు.

టొలీడోలో విల్లీస్ ఫ్యాక్టరీ లేదు, పడగొట్టేశారు. ‘ఓవర్‌లాండ్’ (కంపెనీ పూర్తి పేరు విల్లీస్-ఓవర్‌లాండ్) అని ఇటుకల్లో రాసిన పొగగొట్టం ఒక్కటే మిగిలింది. పది నిమిషాలు చాలు.

అసలు చూడాల్సింది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న హైంజ్ హిస్టరీ సెంటర్ మ్యూజియం. బ్యాంటమ్ కంపెనీ చేసినవాటిలో ఇప్పటికి మిగిలిన అత్యంత పాత జీపు అక్కడుంది, అమెరికా జాతీయ మ్యూజియాల సంస్థ స్మిత్సోనియన్ వాళ్ల సొత్తు. 1940 జులైలో ఇలాంటి బండి చేసివ్వమని అమెరికా సైన్యం 135 కంపెనీలను అడిగితే, గడువులోగా నమూనా బండి తెచ్చి ఇచ్చింది అదే రాష్ట్రంలో బట్లర్ అనే చిన్న ఊళ్లోని బ్యాంటమ్ ఒక్కటే. నమూనాకి గడువు 49 రోజులు. సెప్టెంబరు 23న బట్లర్ నుంచి మేరీలాండ్‌లోని హోలబర్డ్ క్యాంపుకి బండిని రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లి, అరగంట ముందే అప్పజెప్పారు. అయినా పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయాయి. విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డ్ సుమారు 2,80,000 చేశాయి. బ్యాంటమ్ లెక్క మూడు వేలు కూడా దాటలేదు. చివరికి దాని చేతికి మిగిలింది ట్రెయిలర్ల పని. హైంజ్‌లో ఆ పాత జీపు ముందు నిలబడితే ఈ అన్యాయం ఒళ్లంతా పాకుతుంది.

బట్లర్‌కి వెళ్తే జూన్‌లో, జీపు పండగ వారాంతంలో వెళ్లండి. సొంత కారు ఉండాలి, గది ముందే పట్టుకోవాలి. అక్కడ జీపుల కింద చూడ్డానికి చిన్న టార్చి మరిచిపోవద్దు. రేడియేటర్ కింద ఛాసీ అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన యు ఆకారమైతే ఫోర్డ్. ఫోర్డ్ అయితే బోల్టు తలల మీద ‘ఎఫ్’ అక్షరం కూడా ఉంటుంది. తుప్పు కాస్త గీకితే తేలుతుంది, యజమానిని అడిగి గీకండి.