ప్రీమియం మీటర్ రంగు చూసి స్ట్రాడిల్ అమ్మొద్దు: రెండేళ్లు వాడాక నా మాట

ఆప్షన్ అంటే నిఫ్టీని ముందే అనుకున్న ధరకు కొనే (కాల్) లేదా అమ్మే (పుట్) హక్కు, ఒకే ధర దగ్గర ఆ రెండూ కలిపితే స్ట్రాడిల్. ఈ ఆప్షన్ ట్రేడింగ్ యాప్‌లో ఆప్షన్ చెయిన్ (ధరల పట్టిక), పేఆఫ్ గ్రాఫ్ (లాభనష్టాల గీత) సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. ఈ యాప్‌కు చందా కడుతున్నది ప్రీమియం మీటర్ కోసం. ఆప్షన్ ధరల్లో పలుకుతున్న ఊపు (ఐవీ, అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ)లోంచి, నిఫ్టీ నిజంగా ఊగిన ఊపు (ఆర్వీ, అంటే రియలైజ్డ్ వొలటిలిటీ)ని తీసేసి, మిగులుంటే పచ్చ, లేదంటే ఎరుపు చూపిస్తుంది. అదే తప్పు తూస్తోంది.

నిఫ్టీ రోజువారీ ఊపు 0.8 శాతం అనుకోండి. ట్రేడింగ్ రోజులు ఏడాదికి సుమారు 252 కాబట్టి దాని వర్గమూలం 15.87తో గుణిస్తే ఏడాది లెక్కన ఆర్వీ 12.7 శాతం. యాప్ మాత్రం 365 వర్గమూలం 19.1తో గుణించి 15.3 అంటుంది. ఐవీ 14 ఉన్నప్పుడు అమ్మేవాళ్లకు 1.3 మిగలాల్సిన చోట అంతే లోటు కనిపిస్తుంది. వరంగల్ ఎనుమాముల యార్డులో కాంటా ఇంత తేడా కొడితే మిర్చి రైతు బస్తా దించనివ్వడు!

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. మీటరు నేటి ఐవీని గడిచిన 20 రోజుల ఆర్వీతో పోలుస్తుంది. ఆప్షన్ అమ్మినవాళ్లకు వచ్చేదీ పోయేదీ మాత్రం రాబోయే రోజుల ఊపును బట్టి. 2024 మే చివర్లో ఇండియా విక్స్ (నిఫ్టీ ఆప్షన్ ధరల్లోంచి కట్టే ఐవీ సూచీ) 20 పైనే ఉంది, మీటరు నిండు పచ్చ. ఆ మిగులంతా ఎన్నికల ఫలితాల భయానికి కట్టిన ధర. జూన్ 4న నిఫ్టీ 5.93 శాతం పడింది. ఆ ఒక్క రోజే 20 రోజుల ఆర్వీని 21 పైన పట్టి ఉంచింది. విక్స్ రెండు వారాల్లోనే 15 కిందికి దిగినా మీటరు ఎరుపు వదల్లేదు. జూలై 3న, జూన్ 4 ఆ 20 రోజుల లెక్కలోంచి జారగానే ఆర్వీ ఒక్కసారిగా కూలింది, మార్కెట్లో ఏమీ మారకుండానే.

మొదట్లో ఐదు స్టార్లు ఇచ్చింది ఈ మీటరుకే. ఇప్పుడు అందులో పనికొస్తున్నది డేటా డౌన్‌లోడ్. క్లోజింగ్ ధరలు ఎక్సెల్‌లో వేసుకుని, నేటి ధరను నిన్నటి ధరతో భాగించి ఎల్ఎన్ (సహజ లాగరిథమ్) తీయండి. 20 రోజులకు ఎస్టీడెవ్ (ప్రామాణిక విచలనం) కట్టి 15.87తో, తర్వాత 100తో గుణించండి. ఆ కాలమ్‌ను 20 వరసలు పైకి జరిపి (అప్పుడది అమ్మాక వచ్చిన 20 రోజుల ఊపు అవుతుంది), అమ్మిన రోజు ఐవీ పక్కన పెట్టండి. అసలు ప్రీమియం అక్కడ తేలుతుంది. క్లోజింగ్ ధరలతో కట్టేది కాబట్టి పొద్దున పడి సాయంత్రానికి లేచిన రోజులు ఇందులో దొరకవు, స్టాప్‌లాస్ (నష్టం ఇంతకు చేరితే తప్పుకునే ఆర్డరు) పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

నెలవారీ నిఫ్టీలో, నష్టం హద్దు దాటకుండా రెండు వైపులా హెడ్జ్ కొని అమ్మే నాకు ఆ డేటా కోసం చందా గిట్టుబాటే. ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తీరే) మంగళవారం మీటరు రంగు చూసి అమ్మేవాళ్లకైతే మూడు స్టార్లు కూడా ఎక్కువే.