.338-06: ఏళ్ల తరబడి వాడిన తర్వాత నా సమీక్ష

ఫ్యాక్టరీలో దొరకని తూటాను, దొరికే మరో తూటా ఇత్తడి కేసును మార్చి వేటగాళ్లే రూపొందించుకుంటే దాన్ని వైల్డ్‌క్యాట్ అంటారు. అలా పుట్టిన మీడియం బోర్ (గొట్టం లోపలి వ్యాసం మధ్యస్థంగా ఉండే) తూటాల్లో .338-06ను నేను చాలా ఏళ్లుగా మోంటానాలో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వాడుతున్నాను. భారతదేశంలో 1972 నాటి చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది కనుక, ఇక్కడ రాసేదంతా అమెరికాలో లైసెన్సుతో చేసే వేటకు సంబంధించినదని పాఠకులు గమనించాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ తూటాను రూపొందించినవారు మార్చినది చాలా తక్కువ, అదే దీని అసలు బలం.

1906లో అమెరికా సైన్యం స్వీకరించిన .30-06 తూటా కేసు మెడను (గుండును పట్టుకునే సన్నని పై భాగాన్ని) .308 అంగుళాల గుండు నుంచి .338 అంగుళాల గుండు పట్టేంతగా వెడల్పు చేస్తే ఈ తూటా సిద్ధమవుతుంది. కేసు ఒళ్లు, పదిహేడున్నర డిగ్రీల భుజం (ఒళ్లు మెడగా సన్నబడే వాలు), అడుగు అంచు అన్నీ పాతవే కావడంతో .30-06 రైఫిల్‌కు బ్యారెల్ (గొట్టం) ఒక్కటి మారిస్తే చాలు, బోల్టునూ మ్యాగజైన్‌నూ ముట్టుకోనక్కరలేదు. 1940లలో చార్లెస్ ఓనీల్, ఎల్మర్ కీత్, డాన్ హాప్కిన్స్ ఇదే ఆలోచనతో .333 ఓకేహెచ్ అనే తూటాను తయారు చేశారు. ఆ కొలత గుండ్లు అంతగా దొరికేవి కావు. 1958లో .338 వించెస్టర్ మ్యాగ్నమ్ రావడంతో .338 గుండ్లు విరివిగా దొరకసాగాయి, వైల్డ్‌క్యాట్ తయారీదారులూ వాటికే మారారు. 1998లో ఏ-స్క్వేర్ కంపెనీ దీన్ని ప్రామాణిక తూటాగా నమోదు చేయించింది కనుక కాగితం మీద ఇది ఇక వైల్డ్‌క్యాట్ కాదు. అయినా ఫ్యాక్టరీ తూటాలు అరుదు కావడంతో, వాడేవాడి పనిలో పెద్దగా తేడా రాలేదు.

బోర్ పెంచితే లాభం ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవడం ముఖ్యం. గుండు వెనుక భాగపు వైశాల్యం .308తో పోలిస్తే .338లో సుమారు 20 శాతం ఎక్కువ, అందువల్ల అదే కేసులోని వాయువు, అదే పీడనంలో, బరువైన గుండును మెరుగ్గా నెట్టగలుగుతుంది. 24 అంగుళాల నా బ్యారెల్‌లో 225 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుండు సెకనుకు 2,600 అడుగుల చుట్టూ వెళ్తుంది, అంటే గొట్టం దాటేటప్పుడు సుమారు 3,370 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటుంది. 210 గ్రెయిన్ల గుండును చాలామంది మెచ్చుకుంటారు గానీ, దాని సెక్షనల్ డెన్సిటీ (వ్యాసంతో పోల్చి బరువును చెప్పే కొలత, ఎక్కువైతే గుండు లోతుగా దిగుతుంది) .263 మాత్రమే, .30-06లో వాడే 180 గ్రెయిన్ల గుండుదైతే .271. లోతుగా చొచ్చుకుపోవాలన్న ఉద్దేశంతోనే ఈ బోర్ ఎంచుకున్నవారు 225 నుంచి మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

తూటాలు నింపుకునే పనిలో మొదటి మెట్టు మెడ వెడల్పు చేయడం. కేసు మెడ లోపల నూనె పలుచగా రాసి, ఏటవాలు ఎక్స్‌పాండర్ (మెడను వెడల్పు చేసే కడ్డీ) ఉన్న డై అనే అచ్చులో ఒక్కసారి నింపాదిగా నడిపిస్తే చాలు. కొన్నిసార్లు కాల్చిన తర్వాత మెడను వేడిచేసి మెత్తబరచకపోతే చీలికలు వస్తాయి. మందు (తూటాలో నింపే పొడి) విషయంలో 4064, 4350 తరహా పౌడర్లు దీనికి బాగా కుదురుతాయి, పరిమాణాలను మాత్రం ముద్రిత మాన్యువల్ నుంచే తీసుకుని, కనిష్ఠం వద్ద మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. బోల్టు బిగుసుకోవడం, ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ల) చదునైపోవడం వంటి గుర్తులు కనిపించేసరికే పీడనం హద్దు దాటి ఉండవచ్చు. మరో జాగ్రత్త ఏమిటంటే, మార్చిన కేసు అడుగున ఇంకా .30-06 అనే ముద్ర ఉంటుంది. .30-06 తూటా ఈ రైఫిల్ చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) సులువుగా దూరిపోతుంది, ఆ సన్నని గుండు గొట్టంలో పట్టు లేక ఎటో పోతుంది. అందుకే ఆ రెండు రకాలను నేను ఒకే బల్ల మీద ఎన్నడూ పెట్టను.

ఈ తూటా కేసు భుజాన్ని 40 డిగ్రీలకు నిలబెట్టి, ఒళ్లును వెడల్పు చేసే ఆక్లీ ఇంప్రూవ్డ్ అనే రూపాన్ని మిత్రుడి రైఫిల్‌లో చాలాకాలం దగ్గరగా చూశాను. కేసు సాగడం తగ్గుతుంది, తరచూ కత్తిరించే పని తప్పుతుంది, అది నిజమైన మేలు. వేగం విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. కేసులో చోటు పెరిగిన శాతంలో దాదాపు నాలుగో వంతే వేగం పెరుగుతుందన్నది తూటాలు నింపేవారందరికీ తెలిసిన లెక్క, కాబట్టి ఆరు శాతం చోటుకు దక్కేది సెకనుకు 40 అడుగులే. అందుకోసం ప్రతి కేసునూ ముందుగా ఒకసారి కాల్చి ఆకారానికి తేవాలి, అంటే అంత మందు, ప్రైమర్లు, బ్యారెల్ ఆయువు ఖర్చు చేయాలి. వేటకు ఆ బేరం నాకు గిట్టుబాటుగా తోచలేదు.

అడవిలో ఈ తూటా నాకు పూర్తి తృప్తినిచ్చింది. మధ్యస్థ వేగంతో వెళ్లే బరువైన గుండు ఎల్క్ పక్కటెముకలను దాటి రెండోవైపు నుంచి బయటికి వస్తుంది, మాంసం కూడా తక్కువ పాడవుతుంది. 200 గజాలకు గురి కుదిర్చితే 300 గజాల వద్ద ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది, అంతకు మించిన దూరాలకు నేను దీన్ని సిఫారసు చేయను. అదే గుండును .338 వించెస్టర్ మ్యాగ్నమ్ సుమారు 200 అడుగులు ఎక్కువ వేగంతో పంపుతుంది గానీ, దాని తన్ను భుజానికి బాగా తెలుస్తుంది, మ్యాగజైన్‌లో పట్టే తూటాలూ తగ్గుతాయి.

ఒక్క లోటు మాత్రం తీరేది కాదు. ప్రయాణంలో తూటాల పెట్టె పోతే ఏ చిన్న ఊరి దుకాణంలోనూ .338-06 దొరకదు. అందుకే నేను తూటాలను రెండు సంచుల్లో వేరుగా సర్దుకుని బయల్దేరతాను.