ట్యాంకు నీళ్ళు చూడ్డానికి ఏ బోర్డు మేలు?

పైట్యాంకు నిండగానే సంపు మోటారు దానంతటదే ఆగిపోవాలి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్ళకు ఇంట్లోనే దొరికే ప్రాజెక్టు ఇది. బోర్డు కోసం కోఠి గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకో వెళ్తే మనసు మొదట రాస్ప్‌బెర్రీ పై 5 అనే ఒకే బోర్డు మీది చిన్న కంప్యూటర్ మీదికి పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు, మంచి బోర్డే. కాకపోతే 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లిచ్చే అడాప్టర్ ఉంటేనే పూర్తిగా పనిచేస్తుంది, పని ఎక్కువైతే ఫ్యానూ కావాలి. నీటిమట్టం చూడ్డానికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా పాత వీడియోల్లో బోర్డు పిన్నులను నడిపించే ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీ కోడ్ దానిమీద నడవదు.

రాస్ప్‌బెర్రీ పైలోనే చిన్న బోర్డు జీరో 2 డబ్ల్యూ సంగతి వేరు. ర్యామ్ 512 ఎంబీనే. బ్రౌజర్ తెరిస్తే ఆపసోపాలు పడుతుంది. కానీ వైఫై ఉంది, పై 5లో ఉన్నట్టే 40 పిన్నుల వరుస ఉంది, 2.5 ఆంపియర్ల అడాప్టర్ చాలు. మామూలు రకానికి హెడర్ పిన్నులు మనమే సోల్డర్ చేసుకోవాలి.

రెంటికీ ఉన్న లోటు ఒకటే: అనలాగ్ ఇన్‌పుట్ (సెన్సర్ ఇచ్చే వోల్టేజీ ఎంతో కొలిచే పిన్ను) లేదు, పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. శబ్దం తిరిగొచ్చే సమయాన్నిబట్టి నీళ్ళ దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో దాన్ని తగ్గించాలి, లేకపోతే పిన్ను పోతుంది. ఇలాంటిదే మరో బోర్డు బీగిల్‌బోన్ బ్లాక్‌లో 7 అనలాగ్ ఇన్‌పుట్లున్నా వాటి హద్దు 1.8 వోల్టులే. ఆరెంజ్ పై అనే బోర్డు చవకే, కానీ చిక్కొస్తే జవాబు వెతుక్కోవడం పెద్ద పని.

అసలు టెన్షన్ కరెంటుతోనే. మెమరీ కార్డు మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే అందులోని లైనక్స్ (ఈ బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్) ఫైళ్ళు చెడిపోవచ్చు. అందుకే ట్యాంకు వరకైతే నా ఓటు ఈఎస్‌పీ32కే. అది కంప్యూటరేం కాదు, మైక్రోకంట్రోలర్, అంటే మనం రాసిన ఒక్క ప్రోగ్రామునే నడిపే చిన్న చిప్. వైఫై ఉంటుంది, అనలాగ్ పిన్నులుంటాయి, కరెంటు రాగానే పని మొదలుపెడుతుంది. పిన్నులు మాత్రం ఇక్కడా 3.3 వోల్టులవే, ఆ రెసిస్టర్లు తప్పవు. గేటు దగ్గర కెమెరా కూడా పెట్టాలనుకుంటే జీరో 2 డబ్ల్యూ తీసుకోండి. నాలుగైదు కెమెరాల్లో మొహాలు గుర్తుపట్టించాలంటే అప్పుడు పై 5.

ఏది కొన్నా మోటారును, బోర్డు చెప్పినట్టు స్విచ్‌లా పనిచేసే ఆ చిన్న నీలం రిలేకు నేరుగా కట్టొద్దు. స్టార్టయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. మధ్యలో ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్ లాంటి కాంటాక్టర్ పెట్టించండి, ఆ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.