పాత ఫోల్డింగ్ కెమెరాకు కొత్త బెలోస్: ఏళ్లపాటు వాడాక నా మాట

ఫోల్డింగ్ కెమెరా బెలోస్‌కు, అంటే లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య మడతలు మడతలుగా ఉండే తిత్తికి, చిల్లులు పడ్డాయా? అతుకులు వేస్తూ కూర్చోకండి, కొత్తది వేసుకోండి. 1950ల నాటి నా 6×6 (సుమారు ఆరు సెంటీమీటర్ల చదరపు ఫొటోలు తీసే) కెమెరాకు సింథటిక్ గుడ్డతో చేసిన బెలోస్ వేసి చాలా ఏళ్లయింది. అది ఇప్పటికీ నా చేతిలోనే తిరుగుతోంది కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

పాత బెలోస్ పైకి బాగానే ఉండేది. నెగటివ్‌ల మీద మాత్రం దాదాపు ఒకే చోట నల్లటి మచ్చ వచ్చేది, ప్రింట్‌లో అది తెల్లగా అలుముకునేది. కెమెరా తెరిచి ఎండలో ఎక్కువసేపు ఉంచితే ఇంకా ముదిరేది. చీకటి గదిలో వెనక తలుపు తీసి, బెలోస్ లోపలికి చిన్న టార్చ్ వేసి చూస్తే వెలుతురు చుక్కలన్నీ మడతల మూలల్లోనే. అక్కడ గుడ్డ రెండు వైపులకూ మడత పడుతుంది, అందుకే ముందు అదే అరుగుతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు బెలోస్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. కొన్ని చిల్లులు కదిపినప్పుడే బయటపడతాయి.

లిక్విడ్ ఎలక్ట్రికల్ టేప్ (పూస్తే ఆరి రబ్బరు పొరలా అయ్యే ద్రవం) పూసి కొంతకాలం నడిపాను. ఉన్నపళంగా నాలుగు ఫొటోలు తీసుకోవాలంటే పనికొస్తుంది. కానీ మూసి తెరిచేకొద్దీ పెచ్చులు లేస్తుంది, ఒక మూల మూస్తే పక్క మూల మొదలవుతుంది.

కొత్తది ఎంచుకునేటప్పుడు అందరూ వెలుతురు ఆగుతుందా అనే అడుగుతారు. నా లెక్కలో అంతకంటే ముందు చూడాల్సింది మందం. మడతలన్నీ కలిసి ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు పాతది పట్టిన చోటులోనే ఇదీ పట్టాలి. మందం ఎక్కువైతే కెమెరా ముందు తలుపు బిగుసుకుంటుంది, బలవంతంగా మూస్తే లెన్స్‌ను మోసే కడ్డీలు వంగుతాయి. లెన్స్ కాస్త పక్కకు ఒరిగిందంటే ఫొటోలో ఒక అంచు మసకబారుతుంది, అది బెలోస్ వల్ల వచ్చిందని చాలామందికి తట్టదు కూడా. పల్చటి తోలు చూడ్డానికి అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ తేమ తగిలితే బూజు పడుతుంది. రోజువారీ వాడకానికి నా ఓటు సింథటిక్‌కే.

బిగించడం ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోగలిగిన పనే. నా కెమెరాలో వెనక లెన్స్ భాగం విప్పితే షట్టర్‌ను పట్టి ఉంచే రింగ్ కనిపిస్తుంది. దానికి రెండు గాడులుంటాయి, వాటిలో సరిగ్గా కూర్చునే స్పానర్ లేకుండా ముట్టుకోవద్దు. రింగ్ కింద పల్చటి వాషర్లుంటే ఏది ఎక్కడుందో ఫొటో తీసి పెట్టుకోండి, ఫోకస్ వాటి మీదే ఆధారపడి ఉండొచ్చు. ఫిల్మ్ గేట్ (ఫిల్మ్ ముందుండే చదరపు చట్రం) దగ్గర పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాకే కొత్త బెలోస్ అంటించాలి. రింగ్ బిగించేటప్పుడు దాంతోపాటు బెలోస్ మెలి తిరగకుండా ఒక చేత్తో పట్టుకోవాలి. మెలి పడితే మడత లోపలికి జారి ఫ్రేమ్ మూలను కోసేస్తుంది.

పని అయ్యాక ఫిల్మ్ పెట్టకముందే షట్టర్‌ను బి మీద (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే సెట్టింగ్) తెరిచి ఉంచి, ఫిల్మ్ గేట్ మీద ట్రేసింగ్ పేపర్ బిగుతుగా పరిచి దూరంగా ఉన్న భవనాన్ని చూడండి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/4.5 దాకా తెరిచి, ఫోకస్‌ను ఇన్ఫినిటీ (అతి దూరం) గుర్తు మీద పెడితే అది స్పష్టంగా రావాలి, నాలుగు మూలలూ కనిపించాలి. ఈ ఒక్క పరీక్షతో నా టెన్షన్ అంతా పోయింది.

మొదట్లో కొత్త బెలోస్ హార్మోనియం తిత్తిలా బిర్రుగా ఉండి తలుపును ఎదురుతన్నేది. కెమెరాను మూసే ఉంచుతూ రాగా మడతలు వాటంతట అవే కుదురుకున్నాయి. ఇన్నేళ్లలో మచ్చ మళ్లీ రాలేదు. ఈమధ్య టార్చ్ వేసి చూసినా మూలలన్నీ నల్లగానే ఉన్నాయి. ఒక మడత అంచున పైపొర కాస్త నునుపు తేలింది, అంతే.

అన్ని కెమెరాలకూ ఈ పని అక్కర్లేదు. జర్మన్ కంపెనీ జైస్ ఐకాన్ చేసిన ఐకాంటా ఫోల్డింగ్ కెమెరాల్లో అసలు తోలు బెలోస్ నేటికీ గట్టిగా ఉన్నవి చాలానే కనిపిస్తాయి, అలాంటిదాన్ని కదిలించొద్దు. కొత్తదైనా పాతదైనా తలుపును టప్పున తెరవకండి. బెలోస్ ఒక్కసారిగా సాగితే లోపలికి గాలి లాగి ఫిల్మ్‌ను ముందుకు ఉబ్బిస్తుంది. నేనైతే మెల్లగా తెరిచి, ఆ తర్వాతే తర్వాతి ఫ్రేమ్‌కు తిప్పుతాను.