ఫైబర్ తెప్పకు తెరచాపా, ఇంజనూ రెండూ: ఏళ్ల తరబడి వాడాక మా మాట

28 అడుగుల ఫైబర్ తెప్ప. వెనక వైపు, గాలితో చల్లబడే 10 హార్స్‌పవర్ డీజిల్ లాంగ్‌టెయిల్ ఇంజన్ (పొడవాటి షాఫ్టు కొసన నీళ్లలో తిరిగే ఫ్యాను ఉండే రకం). ముందు మూడోవంతులో 12 అడుగుల వెదురు గెడ, దానికి 100 చదరపు అడుగుల ముక్కోణపు తెరచాప (మేం చాప అంటాం). గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మొగ దాటి వేటకెళ్లే తెప్పకు ఈ జత బాగా పనికొస్తుంది. అయితే డీజిల్ ఖర్చు పూర్తిగా తప్పుతుందనే ఆశతో పెట్టించుకోకండి. ఇంజన్‌ను సగం రేజింగ్‌లో ఉంచినా వేగం తగ్గకుండా చూడటమే చాప పని.

పూర్తి రేజింగ్‌లో ఈ ఇంజన్ గంటకు రెండు లీటర్ల దగ్గర తాగుతుంది. వేగం చివర్లో కాస్త పెరగడానికే ఆ డీజిల్‌లో ఎక్కువ భాగం పోతుంది. పక్కగాలి బాగున్నప్పుడు చాప ఎత్తి రేజింగ్ సగానికి దించితే లీటరు చుట్టూ సరిపోతుంది, దూరం మాత్రం దాదాపు అంతే నడుస్తుంది.

పక్కగాలి అని ఊరికే అనలేదు. గాలి వెనక నుంచి 8 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వీస్తూ, తెప్ప ఇంజన్ మీద 6 నాట్లు పోతుంటే చాపకు తగిలే గాలి 2 నాట్లే. అది వేలాడిపోతుంది. అప్పుడు ఇంజన్ ఆపి ఫ్యాను నీళ్లలోంచి పైకెత్తాలి, లేదా చాప దించెయ్యాలి. ఆగిన ఫ్యాను నీళ్లలో ఈడ్చుకుంటూ పోతే తెప్పను వెనక్కి పట్టేస్తుంది. షాఫ్టు చేత్తో ఎత్తేసే వీలుంది కాబట్టే లాంగ్‌టెయిల్ చాపకు మంచి జోడు. ఇంజన్ నడుస్తుంటే తగిలే గాలి ముందుకు జరుగుతుంది, కాబట్టి చాప తాడు మామూలుకన్నా బిగువుగా లాగాలి. ఎదురుగాలిలో చాప బరువే తప్ప లాభం లేదు. ఈ రకం చాపతో గాలికి అడ్డంగా మళ్లడం పెద్ద పని, చాప పై అంచును పట్టి ఉంచే బొంగును గెడకు అవతలి పక్కకి తిప్పాలి. ఇంజన్‌తో ముక్కు తిప్పుకుంటే ఆ అవస్థ సగం తగ్గుతుంది.

తెల్లవారుజామున నేల మీది గాలి తెప్పను బయటికి తోస్తుంది, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఒడ్డుకు తెస్తుంది. ఫిబ్రవరి నుంచి ఈ వరస బాగా కుదురుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఇంజన్ తెప్పలకూ వర్తిస్తుంది. చాప మీద వెళ్తున్నాం అన్నా వెనక ఇంజన్ ఉంటే ఒప్పుకోరు.

అమర్చడంలోనే అసలు కష్టం. గెడ మొదలును నేరుగా ఫైబర్ మీద నిలబెడితే చుట్టూ వెంట్రుక పగుళ్లు వస్తాయి, తర్వాత లోపలి ఫోమ్‌లోకి నీళ్లు దిగుతాయి. అడుగున అడుగున్నర పొడవు టేకు దిమ్మ పెట్టి, దాని మీదుగా చదరపు మీటరుకు 450 గ్రాముల ఫైబర్‌గ్లాస్ మ్యాట్ నాలుగు పొరలు రెసిన్‌తో వెయ్యాలి. పైన అడ్డబల్లకు రంధ్రం చేసి గెడను అందులోంచి దించాలి. బోల్టు పడిన ప్రతిచోటా వెనకాల పట్టీ ఉండాల్సిందే. గెడను పట్టే తాళ్లకు నైలాన్ వద్దు. తడిస్తే సాగుతుంది, గెడ ఊగి దిమ్మను వదులు చేస్తుంది. పాలిస్టర్ తాడు వాడండి.

తెప్ప అడుగు చదును, అందుకే చాప ఎత్తగానే పక్కకు జారుతుంది. గాలి తోసే వైపు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలక, నాలుగడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పున, గెడకు కాస్త వెనగ్గా దించాలి. ముక్కు అదేపనిగా గాలికి ఎదురు తిరుగుతుంటే పలకను ఇంకొంచెం వెనక్కి జరపండి.

చాప తాడును ఎప్పుడూ ముడెయ్యొద్దు. కొయ్య మేకుకు ఒకటిన్నర చుట్టు చుట్టి కొస చేతిలో ఉంచుకోవాలి. గాలి రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. 10 నాట్లకు 20 కిలోల దగ్గర లాగే చాప 20 నాట్లకు 80 కిలోలు లాగుతుంది. వలలు, చేపలు లేని ఖాళీ తెప్పకే ప్రమాదం ఎక్కువ. తెప్ప బాగా వాలితే ఫ్యాను బయటపడి ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, ఆయిల్ కూడా సరిగా అందదు. వదిలేసిన తాడు కొస నీళ్లలో పడితే ఫ్యానుకే చుట్టుకుంటుంది, కాబట్టి దాన్ని బుట్టలో వేసి ఉంచండి.

మొగ దగ్గర మాత్రం రాజీ లేదు. ఇసుక మేటలకు ముందే చాప పూర్తిగా దించి బొంగును కట్టేసి, పోటు మీద లోపలికి రావాలి. ఆటు నీరు బయటికి దూకుతుంటే, మధ్యాహ్నపు సముద్రపు గాలి ఎదురై కెరటాలు నిటారుగా లేస్తాయి. వెనకభాగం లేచినప్పుడు ఫ్యానుకు నీళ్లందవు. ఆ క్షణంలో చాప ముక్కును పక్కకు తోసిందా, తెప్ప కెరటానికి అడ్డం పడుతుంది. ఇద్దరు కలిసి అరనిమిషంలో దించలేని చాపతో మొగ దాటకండి.

బరకంతో కుట్టిన చాప చవకే, కానీ ఐమూలగా సాగి సంచిలా అయిపోతుంది, రింగుల దగ్గర చిరుగుతుంది. అంచుల్లో తాడు వేసి కుట్టించి, పని లేనప్పుడు ఎండకు వదలకుండా చుట్టి ఉంచితే ఎక్కువ కాలం మన్నుతుంది. చాప ఎత్తినప్పుడు బొంగు కొస 20 అడుగులు దాటుతుంది కాబట్టి నదిలో కరెంటు తీగల కింద చాప దించే వెళ్లాలి. కోరంగి మడ కాలువల్లోనే తిరిగేవాళ్లకు ఈ ఖర్చు దండగ: అక్కడ చెట్లు గాలిని ఆపేస్తాయి, కొమ్మలు చాపను చీలుస్తాయి.