ఐదు లేన్ల రోటారాడ్: జన్యు మార్పు ఎలుకలకు వాడాలంటే

రోటారాడ్ అంటే తిరిగే రాడ్ మీద ఎలుకను నడిపించి, ఎన్ని సెకన్లకు పడిపోతుందో కొలిచే మెషిన్. నెల్లూరు జిల్లా ఫార్మసీ కాలేజీల యానిమల్ హౌస్‌లకు ఈ దేశీ మెషిన్ ధరకు తగ్గ సరుకే. రాడ్ మందం 3 సెంటీమీటర్లు. వేగం 300 సెకన్లలో 4 నుంచి 40 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా పెరుగుతుంది. మామూలు ఎలుకలకు మందిచ్చి చూసే పనికి నిక్షేపంగా సరిపోతుంది.

చిక్కల్లా ఎలుక పడగానే టైమర్ ఆపాల్సిన పలకతోనే. దాని స్ప్రింగు బిగువెక్కువ. 30 గ్రాముల ఎలుక పడితే టక్కుమని నొక్కుకుంటుంది. హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు మీద పరిశోధన కోసం 1996లో జన్యువు మార్చి తయారుచేసిన ఆర్6/2 రకం ఎలుకలు మాత్రం జబ్బు ముదిరేకొద్దీ చిక్కిపోతాయి. 18 గ్రాములది పడితే పలక ఒక్కోసారి కదలదు, టైమర్ ఆగదు. జబ్బు ఎక్కువున్న ఎలుకకే ఎక్కువ సెకన్లు నమోదవుతాయన్నమాట! పనిచేయని మందు పనిచేసినట్టు కనపడేది ఇలాగే. ప్రతి లేన్‌లో రాడ్ ఎత్తు నుంచి 15 గ్రాముల బరువు వదిలి చూడండి. ఆగకపోతే స్ప్రింగు మార్పించాకే బిల్లు మీద సంతకం పెట్టండి.

రాడ్ గాడులు లోతుగా ఉన్నాయి. కొన్ని ఎలుకలు నడవకుండా రాడ్‌ను కరుచుకుని దాంతోపాటే గిర్రున తిరుగుతాయి. దీన్ని మెషిన్ పట్టుకోలేదు, మనిషి చూడాల్సిందే. ఒక పూర్తి చుట్టు తిరిగితే పడినట్టే రాసుకోవాలి. రాసేవాళ్లకు ఏ ఎలుకలో మార్పు ఉందో తెలియకూడదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు వోల్టేజీ పడిపోతే డిస్‌ప్లేలో 40 ఉన్నా రాడ్ నెమ్మదిస్తుంది. స్టెబిలైజర్ పెట్టుకోవాలి. రాడ్‌కు టేపు ముక్క అంటించి 10 ఆర్‌పీఎం పెట్టండి, 10 చుట్లకు 60 సెకన్లు పట్టాలి. ఏసీ గది 22 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎలుకల్ని అరగంట ముందే అక్కడికి చేర్చాలి. రోజుకు మూడు విడతలు, మధ్యలో 15 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి. ప్రతి ఎలుక తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి రాడ్ మీద ఆరోగ్యంగా ఉన్నదీ జారుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆర్6/2 ఎలుకల్లో తేడా రాకపోతే మెషిన్‌ని అనకండి. జబ్బు తెచ్చే జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు పదేపదే వస్తాయి; తరాలు మారేకొద్దీ ఈ సీఏజీ వరుస పొడవు మారుతుంది, మరీ పొడవైతే జబ్బు ఆలస్యంగా వస్తుంది. జన్యువు ఉందో లేదో మాత్రమే చెప్పే పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చాలదు, పొడవు కొలిపించాలి.

సర్వీసు నెమ్మది. బెల్టు, ఫ్యూజులు కొనేటప్పుడే అదనంగా అడిగి తీసుకోండి.